జాగ్రత్త: గుడ్లు దొర్లే పెట్టె కొన్నాను, మూడు వారాల్లో పడింది ఒకే ఒక్క గుడ్డు, అదీ పగిలిపోయింది

ఇంట్లో నాలుగు కోళ్లు పెంచుకుంటూ, అవి లోపలికెళ్లి గుడ్లు పెట్టేందుకు ఆన్‌లైన్‌లో ఇలాంటి పెట్టె కొందామని చూస్తున్నవాళ్లు ఇది చదివాక ఆర్డర్ పెట్టండి. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇదే పెట్టెను రంగు మార్చి, ఫోటో మార్చి చాలామంది అమ్ముతున్నారు. ఒకరి పేరు చెబితే వాళ్ల దగ్గర మానేసి, ఇంకొకరి దగ్గర అదే సరుకు కొంటారు.

నా దగ్గర ఏడు పెట్టలున్నాయి. గుడ్లకొచ్చినప్పటి నుంచి ఒక్కటీ చెప్పినచోట పెట్టింది లేదు. ఒకటి పొద కింద, ఒకటి పాత టైరులో, నల్లదైతే స్కూటర్ కవర్ కింద దూరి పెట్టేది. పొద్దున లేస్తే నాకు గుడ్ల వేటే పని. ఒకరోజు పొద కింద చెయ్యి పెడితే ఏకంగా పదకొండు గుడ్లు దొరికాయి. ఏవి ఎప్పటివో తెలియదు. నీళ్లలో వేస్తే నాలుగు పైకి తేలాయి. పాతబడేకొద్దీ గుడ్డులో గాలి ఖాళీ పెరుగుతుంది, అందుకే తేలుతుంది. ఆ నాలుగూ పారబోసి చిరాగ్గా ఫోన్ పట్టుకుని కూర్చున్న సమయంలో ఆ ప్రకటన కనిపించింది.

లోపల నేల వాలుగా ఉంటుందట. కోడి గుడ్డు పెట్టగానే అది ముందున్న ట్రేలోకి దొర్లిపోతుందట. మురికి అంటదు, కోళ్లు పొడవవు, ఎనిమిది కోళ్లకు సరిపోతుంది, కోళ్లు వాటంతట అవే వెళ్లి అందులో పెడతాయి అని రాశారు. పైగా నాలుగు ప్లాస్టిక్ గుడ్లు, కోళ్లను ఆకర్షించే పొడి ప్యాకెట్ ఒకటి ఉచితం. నిజం చెప్పాలంటే ఈ రకం పెట్టె చెడ్డదేం కాదు. బాగా చేసినది బాగానే పనిచేస్తుంది. నాకు వచ్చింది అది కాదు.

వచ్చింది పల్చటి రేకు డబ్బా, లోపల ఒకటే గది. టేపు పెట్టి కొలిస్తే లోపలి వెడల్పు 24 సెంటీమీటర్లు. మామూలు సైజు కోడి లోపలికెళ్లి తిరిగి సర్దుకుని కూర్చోవాలంటే అటూ ఇటూ 30 సెంటీమీటర్లన్నా ఉండాలి. ఒక గది నాలుగైదు కోళ్లకు సరిపోతుంది, ఎనిమిదింటికి కాదు. ఫోటోలో పచ్చగా మెరిసిన మ్యాట్ పెట్టెలో లేనే లేదు. అడిగితే అది విడిగా కొనుక్కోవాలన్నారు. అంటే కోడి ఒట్టి ఇనుప జాలీ మీద కూర్చోవాలన్నమాట.

మూడో రోజు మా ఎర్ర పెట్ట లోపలికి వెళ్లడం దగ్గరుండి చూశాను. ముందు మెడ చాచి లోపలికి తొంగి చూసింది. ఒక కాలు పెట్టింది. గోళ్లు జాలీ మీద నిలవక జర్రున ముందుకు జారింది. రెండో కాలు వేసి తిరగబోతే తోక వెనక గోడకు తగిలి రేకు టప్పుమంది. అంతే, అరుచుకుంటూ బయటికి ఎగిరింది. ఆ అరుపుకు మిగతా ఆరూ చెల్లాచెదురు. తర్వాత వారం రోజులు ఒక్కటీ ఆ వైపు రాలేదు. గుడ్డు పెట్టబోయే కోడికి కావలసినవి మూడే: చీకటి, మెత్తదనం, చప్పుడు లేకపోవడం. ఈ డబ్బాలో మూడూ లేవు.

రెండో వారంలో ఎట్టకేలకు ఒక గుడ్డు పడింది. వాలు ఎక్కువగా ఉండటంతో వేగంగా దొర్లి ట్రే చివర రేకు అంచుకు కొట్టుకుని పగిలింది. అక్కడ రబ్బరు ముక్క లేదు, గుడ్డ పీలిక లేదు. నేను చూసేసరికి రెండు కోళ్లు ఆ సొన తింటున్నాయి. పగిలిన గుడ్డు రుచి మరిగిన కోడి తర్వాత మంచి గుడ్లనే పొడవడం నేర్చుకుంటుంది, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే.

ఇక ఉచిత గుడ్ల సంగతి. దొంగ గుడ్డు పెట్టడం మంచి పద్ధతే. ఇక్కడ ఇంకెవరో ముందే పెట్టారంటే చోటు భద్రమైనదే అనుకుని కోడి అక్కడే పెడుతుంది. కానీ ఆ గుడ్డు బరువుగా ఉండాలి. ఇవి గాలికే దొర్లుతున్నాయి. నాలుగు పోట్లు పొడిచేసరికి ఒకదాని అతుకు విడిపోయి లోపల్నుంచి థర్మోకోల్ పూసలు రాలాయి. కోళ్లకు థర్మోకోల్ అంటే ఎందుకో అంత పిచ్చి, గింజలు చల్లినట్టు ఎగబడ్డాయి. అరగంట మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరాను. చెక్క గుడ్డో, పింగాణీ గుడ్డో, గోల్ఫ్ బంతో పెట్టండి. గోల్ఫ్ బంతి దాదాపు 46 గ్రాములుంటుంది, చిన్న గుడ్డంత బరువు. పొడి గురించి చెప్పేదేం లేదు. చల్లితే నాకు మూడు తుమ్ములు వచ్చాయి, కోళ్లు ఏమాత్రం పట్టించుకోలేదు.

అసలు హెచ్చరిక ఇప్పుడు చెబుతున్నాను. మొదటి వారంలోనే ఫిర్యాదు చేశాను. చాలా మర్యాదగా, "కొత్త పెట్టె కదండీ, కోళ్లు అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, కాస్త ఓపిక పట్టండి" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది కాబట్టే నమ్మాను. కోళ్లు కొత్త వస్తువును చూసి బెదురుతాయి, కొన్నాళ్లు దూరంగా తిరుగుతాయి. కానీ వెనక్కి పంపే గడువు ఏడు రోజులే! మూడు వారాలయ్యాక మళ్లీ అడిగితే గడువు దాటిపోయిందన్నారు. పైగా ఫోటో పంపిస్తే, రెట్ట అంటుకుంది కాబట్టి వాడిన సరుకు కిందే లెక్క అన్నారు. ఆ రెట్ట విషయంలో కొంత తప్పు నాదే. కోళ్లు రాత్రి పడుకునే కర్ర కంటే ఎత్తులో పెట్టెను బిగించాను. కోడి ఎప్పుడూ ఉన్నవాటిలో ఎత్తైన చోటే పడుకుంటుంది. గుడ్లకు పనికిరాని పెట్టె మీద రెండు కోళ్లు హాయిగా నిద్రపోయాయి.

కాబట్టి కోడి అలవాటు పడిందా లేదా అని ఎదురుచూడకండి. మీరు కొలవగలిగినవన్నీ మొదటి రోజే, కోళ్లను దగ్గరికి రానివ్వకముందే కొలవండి. పార్సిల్ విప్పుతుండగానే వీడియో తీయండి. లోపలి కొలత తీసుకోండి, ప్రకటనల్లో బయటి కొలతే వేస్తారు. నేల మీద అరచేయి ఆనించి గట్టిగా నొక్కండి, రేకు చప్పుడు చేస్తే కోడి కింద కూడా చేస్తుంది. ఒక గుడ్డును లోపల వదిలి ఐదారు సార్లు దొర్లించి చూడండి. మెల్లగా వెళ్లి ఆగాలి, మధ్యలో ఇరుక్కోకూడదు, చివర కొట్టుకోకూడదు. అంచుల్లో వేలు పోనిచ్చి చూడండి. నాకు రెండు చోట్ల తెగింది. రేకు మడతలు, రెండు పొరల గోడలు ఉంటే అసలు వద్దు. రక్తం తాగే ఎర్ర పేలు పగలంతా అలాంటి సందుల్లోనే దాక్కుని రాత్రి బయటికి వస్తాయి. బాగా వాడుతున్న గూడును కోళ్లు ఉన్నట్టుండి వదిలేస్తే రాత్రి టార్చి వేసి చూడండి, తెల్ల కాగితంతో సందులు తుడవండి. ఎర్రటి చారలు పడితే కారణం తెలిసినట్టే.

ఇంకోమాట, గుడ్లే రానప్పుడు పెట్టె కొని లాభం లేదు. ఈకలు రాల్చే సమయంలోనూ, పగటి వెలుతురు బాగా తగ్గినప్పుడూ కోళ్లు మామూలుగానే ఆపేస్తాయి.

నాకు చివరికి పని జరిగింది పాత పండ్ల చెక్కపెట్టెలు రెండింటితో. పక్కకు పడుకోబెట్టి, ముందు 10 సెంటీమీటర్ల ఎత్తున అడ్డపలక కొట్టి, నిండా ఎండుగడ్డి వేసి, పడుకునే కర్ర కంటే కిందగా చీకటి మూలలో పెట్టాను. ఒక్కో గోల్ఫ్ బంతి వేశాను. పొద కిందా టైరులోనూ ఇటుకలు పేర్చాను. పది రోజులపాటు పొద్దున పదకొండు దాకా కోళ్లను బయటికి వదల్లేదు. ఎక్కువ గుడ్లు పడేది ఆలోపే కదా. నేల మీద పెట్టిన గుడ్డు కనిపిస్తే వెంటనే తీసేశాను. నాలుగో రోజు ఎర్ర పెట్ట గడ్డిని కాళ్లతో గీరి, గుండ్రంగా తిరిగి, గోల్ఫ్ బంతిని ముక్కుతో పొట్ట కిందికి లాక్కుని కూర్చుంది. దాన్ని చూసి మిగతావి కూడా. రెండో పెట్టె ఖాళీగా ఉన్నా అన్నీ మొదటిదాని ముందే వరసలో నిలబడి తన్నుకుంటాయి, అది వేరే సంగతి. నల్లది మాత్రం ఇప్పటికీ స్కూటర్ కవర్ వదల్లేదు.

ఇప్పటికే కొనేసి, వెనక్కి పంపే గడువు ఒకటి రెండు రోజులైనా మిగిలి ఉన్నవాళ్లు ఈ సాయంత్రమే టేపు తీసుకుని ఆ పెట్టె లోపల కొలవండి. ఓపిక పట్టమని చెబితే, గడువు కూడా మూడు వారాలకు పొడిగిస్తున్నట్టు రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.