నారతో కట్టిన మాల, సూదితో గుచ్చిన దండ

గుమ్మానికి బంతి, చామంతి వేలాడదీయాలంటే సూదీ దారమే మేలు. పని చకచకా తెములుతుంది. అక్కడ నాకు పేచీ లేదు. మల్లె, కనకాంబరం దగ్గరికి వస్తేనే నా పక్షపాతం బయటపడుతుంది. నీళ్లలో నానిన అరటినారతో, పూలను ఎదురెదురుగా పెట్టి ముడి వేస్తే పువ్వుకు గాయం కాదు. నారలోని తడి కూడా కాసేపు దాన్ని వాడనివ్వదు. అయితే ముడి మరీ బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే పూలు జారిపోతాయి. ఆ పట్టు మా అమ్మమ్మ వేళ్లకు తెలుసు. నేను కట్టిన మూరెడు మాలలో ఇప్పటికీ సగం పూలు జడలోకి చేరకముందే రాలిపోతాయి. అయినా మల్లెల దగ్గర సూది పట్టను. నైలాన్ దారం అసలే వద్దు: వాడిన నారమాలను మొక్క మొదట్లో వేస్తే మట్టిలో కలిసిపోతుంది, ఆ దారం మాత్రం అక్కడే ఉంటుంది.