జియో 299, 319, 3599: ఇంటర్ పిల్లలున్న ఇంటికి ఏది?

ఇక్కడ చెప్పే సిమ్ ప్లాన్లన్నీ 2024 జూలైలో పెరిగిన రేట్లు. డబ్బు కట్టే ముందు మైజియో యాప్‌లో ఒకసారి సరిచూసుకోండి.

299కి 28 రోజులు, రోజుకి 1.5 జీబీ. ఏడాదికి 13 సార్లు వేయించాలి, మొత్తం 3887 రూపాయలు. వచ్చే డేటా 546 జీబీ. అదే 3599 ఒక్కసారి పెట్టగలిగిన ఇంటికి 365 రోజులు, రోజుకి 2.5 జీబీ, అంటే 912 జీబీ. జీబీకి వీళ్లకి పడేది నాలుగు రూపాయల లోపు, 299 వాళ్లకి ఏడు దాటుతుంది. చేతిలో ఒకేసారి డబ్బు లేనందుకు కడుతున్న జరిమానా ఇది.

అప్పు చేసైనా 3599 వేయిద్దామనుకుంటే ఆగండి. నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చి, నెలకి 300 అసలు తీర్చుకుంటూ పోయినా వడ్డీయే 700 అవుతుంది. మొత్తం 4300 దాటుతుంది. చీటీ ఎత్తిన నెలలో అయితే వేయించుకోవచ్చు. ఈ ప్లాన్‌తో వచ్చే అన్‌లిమిటెడ్ 5జీ మాత్రం 5జీ ఫోన్ ఉన్నవాళ్లకే. 4జీ ఫోన్‌లో రోజుకి 2.5 జీబీ, అంతే.

నెలనెలా వేయించేవాళ్లకి మా ఓటు 319కే. రోజుకి అదే 1.5 జీబీ, కానీ క్యాలెండర్ నెల. 5న వేయిస్తే వచ్చే నెల 5 దాకా నడుస్తుంది. టెలికాం కంపెనీల మీద నియంత్రణ ఉండే ట్రాయ్ 2022లో ఇలాంటి ప్లాన్ ఒకటైనా ఉండాలని ఆదేశించబట్టి వచ్చింది. ఏడాదికి 3828, అంటే 299 కన్నా 59 రూపాయలు తక్కువే. అసలు లాభం తేదీలో ఉంది. 28 రోజుల ప్లాన్ నెలకి రెండు మూడు రోజులు వెనక్కి జరుగుతూ, జీతానికి ముందు జేబు ఖాళీగా ఉండే వారంలోకి వచ్చి పడుతుంది. ఎప్‌సెట్ ప్రవేశ పరీక్ష, దోస్త్ డిగ్రీ అడ్మిషన్ల దరఖాస్తుల గడువు మన జీతం తేదీ చూసి రాదు కదా. మారేటప్పుడు ఒక జాగ్రత్త: పాత ప్లాన్ ఉండగానే 319 వేయిస్తే అది క్యూలో కూర్చుని, పాతది అయిపోయిన రోజే మొదలవుతుంది. పాతది అయిపోనిచ్చి, జీతం వచ్చిన మర్నాడు వేయించండి.

ఇక రోజుకి 1.5 జీబీ సరిపోతుందా? ఫోన్ ఒక్కరిదైతే సరిపోతుంది. ఆటో నడిపే నాన్న ఫోన్ రాత్రి పదింటికి ఇంటికొస్తుంది. అప్పటికి మ్యాప్స్, రీల్స్ పోను మిగిలిందే పిల్లలది. యూట్యూబ్ పాఠం 480లో గంటకి సుమారు అర జీబీ, 720లో దానికి రెట్టింపు పైనే. కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. కాలేజీ గ్రూపులో వచ్చిన 5 ఎంబీ పీడీఎఫ్ దిగడానికి పది నిమిషాలు. కొత్త కోటా అర్ధరాత్రి పన్నెండుకి, అందుకే పిల్లలు అప్పటిదాకా మేలుకుంటారు. తమ్ముడి తర్వాత ఫోన్ అందుకునే అక్కకి అదీ దక్కదు. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి ఆటో డౌన్‌లోడ్ ఆపండి. ప్లే స్టోర్ అప్‌డేట్లు వైఫై మీదే అని పెట్టండి. చాలా వరకు డేటా కారేది అక్కడే.

ఇద్దరు పిల్లలుంటే రెండు సిమ్‌లకి 598 పెట్టే బదులు ఇంటికి కేబుల్ లాగి ఇచ్చే వైఫై, జియోఫైబర్ 399 చూడండి. జీఎస్టీతో 471, వేగం 30 ఎంబీపీఎస్, నెలకి 3300 జీబీ. పిల్లలకి సిమ్ లేని పాత ఫోన్ చాలు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ ద్వారా నాన్న నంబరునే అందులో తెరవొచ్చు. హైదరాబాద్ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ తీసుకుంటే *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) చూసి, కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పెట్టండి. బ్లాక్‌లిస్ట్ అని వస్తే ఎంత చవకైనా వద్దు.

ఫైబర్‌కి లోపాలు లేకపోలేదు. కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది. అద్దె ఇంట్లో గోడకి రంధ్రం పెట్టాలంటే ఓనర్ ఒప్పుకోవాలి. 2025 ఆగస్టులో రామంతపూర్ కరెంటు షాక్ ప్రమాదం తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు నగరంలో చాలా ఇళ్లకి నెట్ పోయింది. కాబట్టి ఫైబర్ పెట్టించినా ఒక సిమ్ మీద 319 ఉండాల్సిందే. రెండూ కలిపితే నెలకి 790. 15,000 జీతంలో అది ఇరవయ్యో వంతు పైమాటే.