గుడిమల్లానికి ఒక పూట ఉంచుకోండి

ఏటా తిరుపతి వెళ్ళేవాళ్ళలో కూడా గుడిమల్లం చూడనివాళ్ళే ఎక్కువ. కొండ మీద దర్శనం, తిరుచానూరు, కాళహస్తి, వీలైతే కాణిపాకం. అంతటితో సెలవులు అయిపోతాయి. రేణిగుంటకు ఆగ్నేయంగా 13 కిలోమీటర్ల దూరంలో, ఏర్పేడు మండలంలో, స్వర్ణముఖి ఏటి పక్కన ఉన్న చిన్న పల్లెటూరు గుడిమల్లం. ఇక్కడి పరశురామేశ్వర స్వామి ఆలయంలోని శివలింగం క్రీస్తు పూర్వం 2వ లేదా 1వ శతాబ్దం నాటిదని చాలామంది చరిత్రకారులు అంటారు. కొందరు దాన్ని క్రీస్తు శకంలోకి తెస్తారు. ఎవరి లెక్క తీసుకున్నా ఇంత పాత లింగానికి ఇప్పటికీ రోజూ నీళ్ళు పోసి, దీపం పెట్టి పూజ చేస్తున్నారు. నన్ను అక్కడికి లాక్కెళ్ళింది ఆ సంగతే.

మేం తిరుపతిలోనే దిగి కారు మాట్లాడుకున్నాం. ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీలో కాళహస్తితో కలిపి గుడిమల్లానికి ఇచ్చే టైము అరగంట. డ్రైవరు కూడా "ఆడ ఏముంది సార్, చిన్న గుడి, పది నిమిషాల్లో అయిపోతాది" అన్నాడు. ప్యాకేజీ వద్దని, గుడిమల్లానికి మాత్రమే రానూపోనూ మాట్లాడుకున్నాం. కాస్త ఎక్కువైనా అదే మేలు. హారన్ కొట్టి పిలిచేవాడు లేకుండా చూడాల్సిన గుడి ఇది. ఖర్చు తగ్గించుకోవాలంటే పాపానాయుడుపేట దాకా బస్సులో వచ్చి అక్కడ ఆటో ఎక్కొచ్చు. కాకపోతే వచ్చిన ఆటోనే ఆగమని ముందే మాట్లాడుకోండి, ఊళ్ళో నిలబడితే ఇంకో ఆటో ఎప్పుడొస్తుందో చెప్పలేం. అన్నట్టు పాపానాయుడుపేట గాజుపూసలకు పేరున్న ఊరు. కొలిమిలో కరిగిన గాజును సన్నటి గొట్టంగా సాగదీసి, ముక్కలు చేసి పూసలు తీసే పాత పద్ధతి అక్కడిది. పూసల మీద ఇష్టం ఉన్నవాళ్ళు కాసేపు ఆగి కనుక్కోండి.

గుడి బయటి నుంచి చూస్తే డ్రైవరు మాట నిజమే అనిపిస్తుంది. ఎత్తైన గోపురం లేదు, పూలూ కొబ్బరికాయల అంగళ్ళ వరస లేదు, క్యూ లేదు, టికెట్ లేదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కాబట్టి ఆవరణ శుభ్రంగా ఉంది. ముందు లోపలికి పరిగెత్తకుండా ఒకసారి వెనక్కి వెళ్ళండి. గర్భగుడి వెనక గోడ చదరంగా ఉండదు, గుండ్రంగా తిరుగుతుంది. దీన్ని గజపృష్ఠం అంటారు, కూర్చున్న ఏనుగు వెనక భాగంలా ఉంటుంది. ఈ ఆకారం మన గుళ్ళలో అరుదు, పాత బౌద్ధ చైత్యాల్లో, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరాల్లో, ఎక్కువగా కనిపిస్తుంది.

గర్భగుడి నేల మిగతా గుడి కంటే పల్లంలో ఉంది. అందులో సుమారు అయిదడుగుల ఎత్తున, నున్నగా మెరిసే ముదురు గోధుమ రంగు రాతి లింగం. దాని ముందు భాగంలోంచి పొడుచుకు వచ్చినట్టు, రెండు చేతుల శివుడు నిలబడి ఉంటాడు. కుడి చేత్తో పొట్టేలును వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమ చేతిలో చిన్న చెంబు, అదే భుజానికి ఆనించి గొడ్డలి. నడుముకు కట్టిన పల్చటి బట్ట మడతలు కాళ్ళ మధ్య స్పష్టంగా తెలుస్తాయి. ఒంటి మీద జంధ్యం లేదు. పాదాల కింద ఒక మరుగుజ్జు యక్షుడు, అంత బరువు భుజాల మీద మోస్తూ కూడా హాయిగా నవ్వుతున్నాడు. నాకైతే దేవుడి మీద కన్నా ఆ యక్షుడి ముఖం మీదే చూపు ఎక్కువసేపు నిలిచింది.

అయితే ఇదంతా ఎప్పుడంటే అప్పుడు కనిపించదు. పంచె కట్టి, పూలమాలలు వేశాక శిల్పంలో చాలా భాగం మూతపడుతుంది. పొద్దున్నే అభిషేకం వేళకు వెళ్తే అలంకారం లేకుండా చూడొచ్చు. మేం ఆ టైముకే వెళ్ళాం. అడిగితే అయ్యవారు హారతి పళ్ళేన్ని పైనుంచి కింద దాకా నెమ్మదిగా తిప్పి చూపించారు. లోపల ఫొటోలు మాత్రం తీయనివ్వలేదు.

ఆయన చెప్పిన కథ ఇది. తల్లిని చంపిన పాపం పోవడానికి పరశురాముడు ఇక్కడ లింగాన్ని పూజించేవాడు. కొలనులో రోజుకు ఒక్కటే పువ్వు పూసేది. దానికి చిత్రసేనుడనే యక్షుణ్ణి కాపలా పెట్టి వేటకు వెళ్తే, ఒకరోజు ఆ యక్షుడే పువ్వు తీసుకుని పూజ చేసేశాడు. ఇద్దరూ కొట్టుకుంటుంటే శివుడు ప్రత్యక్షమై ఇద్దర్నీ తనలో కలుపుకున్నాడు. పైన నిలబడ్డది పరశురాముడు, కింద ఉన్నది చిత్రసేనుడు అని స్థలపురాణం. గుడి గోడల మీది శాసనాల్లో మాత్రం పరశురామేశ్వరుడన్న పేరే లేదు. పల్లవ, బాణ, చోళ రాజుల కాలాల్లో నిత్యపూజలకు ఇచ్చిన భూములు, సొమ్ము, ఆవుల లెక్కలు వాటిలో ఉన్నాయి. 1126లో, విక్రమచోళుడి కాలంలో, గుడిని మళ్ళీ కట్టారు.

1973లో ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు లింగం చుట్టూ చదరంగా రాతి కంచె బయటపడింది. అంటే మొదట్లో ఈ స్వామికి కప్పే లేదు. ఆరుబయట, కంచె మధ్య పూజలందుకున్నాడు. తర్వాత శాతవాహనుల కాలంలో గుండ్రటి వెనకగోడతో ఇటుక గుడి వచ్చింది, ఇప్పటి రాతి గుడి దాని ఆకారాన్నే నిలుపుకుంది. ఈ సంగతి చెప్పే బోర్డు గుడి దగ్గర తెలుగులో పెద్దక్షరాలతో ఉంటే ఎంత బాగుండేది! వచ్చినవాళ్ళకు "ప్రపంచంలోనే మొదటి శివలింగం" అన్న ముక్క ఒక్కటే చెవిన పడుతోంది. అరవై ఏళ్ళకోసారి గర్భగుడిలోకి నీళ్ళు ఉబికి వచ్చి స్వామిని అభిషేకిస్తాయని, 2005 డిసెంబరులో అలాగే వచ్చి పోయాయని ఊళ్ళోవాళ్ళు చెబుతారు.

ఆవరణలో ఆనందవల్లి అమ్మవారు, షణ్ముఖుడు, సూర్యుడు వేరే గుళ్ళలో ఉన్నారు. అవీ చూసుకుని, చెట్టు నీడన కాసేపు కూర్చుంటే పూట గడుస్తుంది.

ఊళ్ళో ఉండటానికి గదులు లేవు. చిన్న కొట్టు తప్ప హోటలు కూడా మాకు కనిపించలేదు. టిఫిన్ చేసి, నీళ్ళ సీసాలు వెంట తెచ్చుకోండి. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు బాత్రూము పని రేణిగుంటలోనే చూసుకుంటే టెన్షన్ ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం అసలు వద్దు, బండల మీద అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. గుడిమల్లం ఒక్కటే పని అయితే రేణిగుంటలో దిగి లాడ్జిలో స్నానం చేసి వెళ్ళిపోవచ్చు, చాలా రైళ్ళు అక్కడే ఆగుతాయి. కొండ దర్శనం కూడా ఉంటే తిరుపతిలోనే ఉండటం నయం. స్టేషను ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం దేవస్థానం వసతులే, కానీ రద్దీ రోజుల్లో గది దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

కాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకునే రోజున మాత్రం గుడిమల్లం పెట్టుకోకండి. పూజ క్యూలోనే సగం రోజు పోతుంది, మిగిలిన ఓపికతో ఇక్కడికొస్తే డ్రైవరు చెప్పిన పది నిమిషాలే మిగులుతాయి. దానికి బదులు గుడిమల్లం నుంచి తిరిగి వచ్చేటప్పుడు తిరుచానూరు పక్కనే ఉన్న యోగిమల్లవరం పరాశరేశ్వరాలయం చూడండి. అదీ స్వర్ణముఖి తీరపు గుడే, చోళుల కాలపు శాసనాలున్నాయి, అక్కడా క్యూ ఉండదు.