స్టిర్లింగ్ ఒకరోజు బస్సు యాత్రకు డబ్బు కట్టే ముందు ‘సందర్శన’ అంటే ఏమిటో అడగండి

ఎడిన్‌బరా చుట్టుపక్కల ఉంటూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు స్కాట్లండ్ కోటలు చూపించాలనుకునే తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. గత అక్టోబరులో మేము ఆరు కుటుంబాల వాళ్ళం, పెద్దలూ పిల్లలూ కలిసి 23 మందిమి, మనిషికి 58 పౌండ్ల చొప్పున ఒక టూరు నిర్వాహకుడికి కట్టాం. లిన్‌లిత్‌గో ప్యాలెస్, బానక్‌బర్న్ యుద్ధభూమి, స్కాట్లండ్ స్వాతంత్ర్య వీరుడు వాలెస్ స్మారకం, స్టిర్లింగ్ కోట, ఈ నాలుగింటి ‘సందర్శన’ అని ప్రకటనలో ఉంది. లోపలి టికెట్ల గురించి ఫోనులో అడిగితే ‘అన్నీ మేం చూసుకుంటాం’ అన్నారు. అది అవునని చెప్పడం కాదని మాకు ఆ రోజు తట్టలేదు.

తొమ్మిదింటికి రావలసిన బస్సు పదీ ఇరవైకి వచ్చింది. 1542లో స్కాట్లండ్ రాణి మేరీ పుట్టిన లిన్‌లిత్‌గో ప్యాలెస్‌ను చెరువు గట్టు మీద నుంచే చూపించి, ఫొటోలకు పావుగంట ఇచ్చారు. 1314లో స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ ఇంగ్లండు సైన్యాన్ని ఓడించిన బానక్‌బర్న్‌లో ఆయన విగ్రహం వరకు నడిచి వెనక్కి వచ్చాం. ఆ తరువాత, ప్రణాళికలో ఎక్కడా లేని ఒక హోటలులో భోజనానికి గంటా నలభై నిమిషాలు గడిచాయి. (ఆ హోటలునే ఎందుకు ఎంచుకున్నారో నేను చెప్పనక్కరలేదు.) వాలెస్ స్మారకంలో లిఫ్టు లేదనీ, పైకి వెళ్ళాలంటే ఇరుకైన మెలికల మెట్లు 246 ఎక్కాలనీ అక్కడికి చేరాకే తెలిసింది, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మా, మరో నలుగురు పెద్దవాళ్ళూ కింద చలిలో కూర్చున్నారు.

స్టిర్లింగ్ కోటకు చేరేసరికి నాలుగూ ఇరవై. అక్టోబరు నుంచి మార్చి వరకు కోట ఐదింటికే మూస్తారు, చివరి ప్రవేశం అంతకు 45 నిమిషాల ముందే ముగుస్తుంది. స్కాట్లండ్ రాజు నాలుగవ జేమ్స్ కట్టించిన మహాసభామందిరం గురించి నెల రోజులుగా చదువుకుంటున్న మా నాన్నగారు, రిటైరైన చరిత్ర మాస్టారు, బయటి నుంచి ప్రాకారం మీదుగా కనిపించిన దాని లేత పసుపు గోడను మాత్రం చూసి బస్సెక్కారు. వేళకు చేరినా ప్రయోజనం ఉండేది కాదు, ఎందుకంటే టికెట్లు అసలు కొననే లేదని డ్రైవరే చెప్పాడు.

డబ్బు వెనక్కి అడిగితే ‘సందర్శన అంటే లోపలికి ప్రవేశమని మేము ఎక్కడా రాయలేదు’ అని జవాబు వచ్చింది, మర్నాటికి ప్రకటనలో ‘బయటి నుంచి’ అనే మాట చేరింది. అదృష్టవశాత్తు పాత ప్రకటన స్క్రీన్‌షాట్ మాలో ఒకరి దగ్గర ఉంది. అమ్మేవారు చెప్పిన లేదా రాసిన మాటను నమ్మి మనం సేవను కొంటే, ఆ మాట ఒప్పందంలో భాగమేనని 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం చెబుతోంది కాబట్టి ఆ స్క్రీన్‌షాటే ఇప్పుడు మాకు ఆధారం. మేము చేసిన పెద్ద పొరపాటు, అందరి డబ్బూ ఒకరి ఖాతాలో పోగుచేసి బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేయడం. కార్డుతో కట్టి ఉంటే చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించమని, అడిగే దారైనా ఉండేది. రాత్రి బస లేని ఒకరోజు యాత్రకు ప్యాకేజీ టూర్లకు చట్టం ఇచ్చే రక్షణ కూడా వర్తించదు.

కాబట్టి ఏ స్థలంలో ఎంతసేపు ఆగుతారో, లోపలికి టికెట్టు ఉందో లేదో, ఒక్కో స్థలానికి విడివిడిగా ఈమెయిలులో రాయించుకోండి. లిన్‌లిత్‌గో, స్టిర్లింగ్ కోటలు హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో, బానక్‌బర్న్ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ అనే స్వచ్ఛంద సంస్థ చేతిలో ఉన్నాయి, వాలెస్ స్మారకం ఈ రెండింటికీ చెందదు. అందుచేత ‘ఒకే పాసుతో అన్నీ’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

నిర్వాహకుడు చివరికి మనిషికి 6 పౌండ్లు ఇస్తానన్నాడు. మేము వద్దని, 5,000 పౌండ్ల లోపు తగాదాలకు షెరిఫ్ కోర్టులో (ఇక్కడి స్థానిక కోర్టు) ఉన్న సింపుల్ ప్రొసీజర్ అనే సులభ పద్ధతి కింద దరఖాస్తు నింపుతున్నాం. ఈలోగా అమ్మానాన్నలను వేవర్లీ స్టేషనులో రైలెక్కించి, దాదాపు 50 నిమిషాల్లో స్టిర్లింగ్ తీసుకువెళ్ళాను. నాన్నగారు ఆ మందిరంలోనే రెండు గంటలు గడిపారు.