52 సీసీ చిన్న అవుట్‌బోర్డ్: ఇంజను గట్టిదే, పెట్రోలు నడిచే దారే నాసిరకం

ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరికే, పడవ వెనక తగిలించే ఈ 52 సీసీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌కి స్టిక్కర్ మారుతుందే తప్ప లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. గడ్డి కోసే బ్రష్‌కట్టర్ ఇంజనును నిలువుగా తిప్పి, కింద నీళ్లలోకి దిగే కాలు, కాలి చివర పడవని నడిపే ఫ్యాను బిగించారు. బోరు 44 మిల్లీమీటర్లు, స్ట్రోకు 34. గాలికి చల్లబడే రకం. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో మేత చల్లే పడవకీ, బకింగ్‌హాం కాలువలో ఇద్దరెక్కే ఫైబర్ పడవకీ సరిపోతుంది. మైపాడు, కొత్తపట్నం అలల మీదికి మాత్రం దీన్ని నమ్ముకుని పోకూడదు.

సిలిండరు, పిస్టను, క్లచ్ ఈ ధరకి బాగానే ఉన్నాయి. ఇబ్బందంతా పెట్రోలు దగ్గరే. "నాలుగు రోజులు బాగా నడిచింది, ఇప్పుడు రేసు ఇస్తే ఆగిపోతోంది" అన్నదే అందరి ఫిర్యాదు. చాలామంది వెంటనే గాలినీ పెట్రోలునీ కలిపే కార్బరేటర్ కొత్తది తెప్పించి వేస్తారు. తీరా చూస్తే తప్పు దానికి ముందో వెనకో ఉంటుంది.

ముందు ప్లగ్గు విప్పి చూడండి. చోక్ వేసి ఆరేడు సార్లు తాడు లాగినా ప్లగ్గు పొడిగా ఉందంటే పెట్రోలు అందడం లేదు. తడిసి ముద్దయితే ఎక్కువ పోతోంది. ప్లగ్గు గ్యాపు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

ఐదు పది నిమిషాలు నడిచి నీరసంగా ఆగిపోయే ఇంజనుకి మొదట ట్యాంకు మూతనే అనుమానించాలి. మూతలో గాలి పోయే సన్నటి బెజ్జం ఉంటుంది. అది మూసుకుంటే పెట్రోలు కిందికి రాదు. మూత వదులు చేసి లాగితే అందుకుందా, ఇక దేన్నీ విప్పే పని లేదు.

ట్యాంకులోకి పోయే పైపులు రెండు. ఫిల్టర్ తగిలించినది పెట్రోలు పీల్చేది, రెండోది ప్రైమర్ బల్బు (స్టార్ట్ చేసేముందు పెట్రోలు లాగడానికి వేలితో నొక్కే బుడ్డి) నుంచి మిగులు పెట్రోలు వెనక్కి తెచ్చేది. ఇవి తారుమారైతే బల్బు ఎంత నొక్కినా నిండదు. సరిగ్గా ఉంటే ఏడెనిమిది నొక్కులకి నిండి, వెనక్కొచ్చే పైపులో పెట్రోలు కదలడం కనిపిస్తుంది. బుడగలు ఎంతకీ ఆగకపోతే పైపు చిట్లిందని అర్థం, అదీ ఎక్కువగా ట్యాంకు రబ్బరు బుషింగ్ దగ్గర. పెట్టెలో వచ్చిన పైపు పెళుసెక్కాక దాన్ని అతుకు వేసి లాక్కురావద్దు. నెల్లూరులో, ఒంగోలులో స్ప్రేయర్లు, బ్రష్‌కట్టర్లు బాగుచేసే షాపులకి పాత ముక్క పట్టుకెళ్తే అదే సైజుది ఇస్తారు. ఫిల్టర్ కూడా అప్పుడే మార్చేయండి.

అనుభవమున్న మెకానిక్కులు కూడా పొరబడే చోటు కార్బరేటర్‌కీ సిలిండరుకీ మధ్య ఉండే నల్లటి ప్లాస్టిక్ ఇన్సులేటర్. దానికి నడిమి పెద్ద రంధ్రం కాక పక్కన ఒక చిన్న రంధ్రం కూడా ఉంటుంది. కార్బరేటర్‌లోని పంపు డయాఫ్రమ్ అనే పల్చటి పొరని కొట్టాడించేది ఆ చిన్న రంధ్రం గుండా క్రాంక్ కేసు నుంచి వచ్చే ఒత్తిడే. అక్కడి గ్యాస్కెట్ (సందులో గాలి చొరబడకుండా పెట్టే పల్చటి అట్ట) తిరగేసి పెడితే ఆ రంధ్రం మూసుకుపోతుంది. అప్పుడు బల్బు నిండుతుంది, ఇంజను అందుకుంటుంది, ఉన్న పెట్రోలు కాలగానే ఆగిపోతుంది. ఎన్ని కార్బరేటర్లు మార్చినా ఇదే వరస. ఇక ఆ గ్యాస్కెట్ చిరిగినా, బోల్టులు వదులైనా అక్కడ గాలి పీల్చి, ఐడిల్ (రేసు ఇవ్వనప్పటి వేగం) దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇది పట్టించుకోకుండా ఫుల్ రేసులో నడిపితే మిశ్రమం పల్చబడి పిస్టను పట్టేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే కార్బరేటర్ విప్పాలి. పొర పొరకీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ఎందుకంటే రెండు వైపులా గ్యాస్కెట్, డయాఫ్రమ్ వరస వేరు. పెట్రోలు దారిని తెరిచి మూసే నీడిల్, దాన్ని కదిపే లీవరు ఉన్న వైపు ముందు గ్యాస్కెట్, దాని మీద డయాఫ్రమ్ రావాలి. డయాఫ్రమ్ మెత్తగా, వేలితో తాకితే వంగేలా ఉండాలి. ఎండిన ఆకులా చప్పుడు చేస్తే పని అయిపోయినట్టే. నీడిల్ కొన మీద గీత పడినా, లీవరు ఎత్తు పెరిగినా ఓవర్‌ఫ్లో అవుతుంది. లీవరు మరీ కిందికి వంగితే పెట్రోలు చాలదు. క్లీనర్ కొట్టేముందు రబ్బరు ముక్కలన్నీ తీసేయాలి, లేకపోతే ఉబ్బిపోతాయి. జెట్‌లో, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలో, తీగ గుచ్చడం మన దగ్గర బాగా ఉన్న అలవాటు. దయచేసి మానండి. ఆ రంధ్రం కాస్త పెద్దదైతే ఇక ఎప్పటికీ మిశ్రమం కుదరదు.

స్టార్ట్ చేయగానే ఫ్యాను తిరుగుతోందంటే ఐడిల్ స్క్రూ ఎక్కువ బిగించినట్టు. ఇది ఇంజను వేగం పెరిగితేనే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్ కాబట్టి ఐడిల్ తగ్గిస్తే ఫ్యాను నిలబడాలి. గట్టు దగ్గర మనుషులు నీళ్లలో ఉండగా దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది గాలిలోని తేమని పీలుస్తుంది, మన తీరంలో తేమకి కొదవ లేదు. నీరు మరీ ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి దిగిపోతాయి, టూ స్ట్రోక్ ఇంజనుకని పెట్రోలులో కలిపే ఆయిల్ మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకు ఫిల్టర్ ఉండేది అడుగునే. అంటే ఇంజను పీల్చేది ఆయిల్ లేని సరుకు. నిల్వ ఉన్న పెట్రోలుని గాజు సీసాలో పోసి పావుగంట కదలకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ డబ్బా మొత్తం పక్కన పెట్టేయాల్సిందే, పైది తేర్చి వాడకూడదు. రెండు మూడు వారాలకి సరిపడా మాత్రమే కలుపుకోండి.

పెట్టెలోని కాగితంలో ఎక్కువగా 25:1 అని ఉంటుంది. అంటే లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్. బోటుకి కదా అని టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ పోయకండి. అది నీటితో చల్లబడే అవుట్‌బోర్డ్‌ల కోసం చేసినది. దీనికి జాసో (జపాన్ ప్రమాణం) ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని రాసిన 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ వాడాలి.

పంట పట్టాక గుంట ఎండబెట్టే రోజుల్లో ఇంజను మూల పడేస్తారు, పాడయ్యేది అప్పుడే. ట్యాంకు వంచేసి, బల్బు నొక్కి పైపులు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి ఎత్తిపెట్టండి. ఉప్పునీటి గుంటలో వాడితే కాలునీ ఫ్యానునీ మంచినీళ్లతో కడగాలి.

కొనేవాళ్లు ఇంజనుతో పాటే డయాఫ్రమ్ కిట్ ఒకటి, ఇన్సులేటర్ గ్యాస్కెట్లు ఒక జత, ఫిల్టర్లు రెండు, పైపు ఒక మీటరు తెప్పించుకోండి. ఐదుకి మూడున్నర మార్కులు. కోసిన ఒకటిన్నరా పైపులకీ, గ్యాస్కెట్లకీ, పెట్రోలు గురించి ఏమీ చెప్పని ఆ కాగితానికీ.