గ్రాంప్స్‌తో ఏడేళ్లు: మా ఇంటి వంశావళి రాసుకుంటున్న అనుభవం

మా నాయనమ్మకు తన పుట్టిన తేదీ తెలియదు. "మూసీ వరద వచ్చినప్పుడు మా అక్క చంకల పిల్లట. నేనింకా పుట్టలే" అనేది. ఆ వరద 1908 సెప్టెంబర్ 28న వచ్చింది. అంటే నాయనమ్మ ఆ తర్వాత పుట్టింది. అంతకుమించి చెప్పడానికి ఆధారం లేదు.

నేను మొదట వాడిన ఒక ఆన్‌లైన్ వంశవృక్షం సైట్‌లో ఈ మాట ఎలా రాయాలో తెలియక 1910 అని వేసేశాను. ఆర్నెల్లకు చూస్తే ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి, అదే పేరున్న ఇంకో ఆమెతో మా నాయనమ్మను కలిపేశారు. ఆమెకు ఎన్నడూ చూడని ఊరు, లేని పిల్లలు వచ్చి చేరారు. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. మా వివరాలు మా ఇంట్లోనే ఉండాలనుకుని 2018లో గ్రాంప్స్ అనే వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌కు మారాను. మలక్‌పేటలోని మా ఇంటి పాత కంప్యూటర్‌లోనే ఇప్పటికీ నడుస్తోంది.

ఇది ఉచిత సాఫ్ట్‌వేర్. విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ఎక్కించిన సమాచారం మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. పేర్లన్నీ తెలుగు లిపిలో రాసుకున్నాను. తేదీ దగ్గర "ముందు", "తర్వాత", "సుమారు" అని పెట్టుకునే వీలుంది. నాయనమ్మ పుట్టుకకు "1908 తర్వాత" అని పెట్టాను. మన పెద్దవాళ్లు కాలాన్ని వరదతో, కరువుతో, పోలీస్ యాక్షన్‌తో లెక్కపెడతారు కాబట్టి ఈ ఒక్క సౌకర్యానికే నేను దీన్ని వదల్లేను.

ఇంకోటి, ప్రతి వివరానికీ ఆధారం రాయాలి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, దాని మీద మనకెంత నమ్మకం అన్నది ఐదు మెట్లలో ఎంచుకోవచ్చు. మొదటి రెండేళ్లు నేను బద్ధకించి ఇది రాయలేదు. తర్వాత మా మేనత్త ఒకటి, పెద్దబాపు ఇంకొకటి చెప్పినప్పుడు ఏది ఎవరి మాటో నాకే తెలియలేదు. మళ్లీ మొదటినుంచి కూర్చుని అన్నీ రాశాను. మీరు మొదలుపెడితే మొదటి రోజు నుంచే రాయండి.

కాగితాల విషయానికి వస్తే, మన జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు బయటికి ఇవ్వరు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొఘలుల కాలం నుంచి దస్తావేజులున్నాయి, ఎక్కువ భాగం పారసీ, ఉర్దూ. జాగీర్లు, సర్కారు కొలువులు ఉన్న కుటుంబాలకు అక్కడ పని జరుగుతుంది. మాది వలిగొండ వైపు రైతు కుటుంబం, మాకు దొరికింది భూమి కాగితాల్లోనే. ఏ భూమి ఎవరి పేరున ఉందో, ఎవరు సాగుచేస్తున్నారో రాసిన 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంతకన్నా పాతదైన, భూమి సర్వే తర్వాత తయారైన రిజిస్టరు సేత్వార్. మా సేత్వార్ నకలు ఉర్దూలో ఉంటే, పక్కింటి రిటైర్డ్ టీచర్ గారు రెండు సాయంత్రాలు కూర్చుని చదివి పెట్టారు. "వల్ద్" అంటే ఫలానావారి కొడుకు, "జౌజె" అంటే ఫలానావారి భార్య అని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందులో ఉన్నవి ఫసలీ సంవత్సరాలు, అంటే నిజాం కాలంలో శిస్తు లెక్కలకు వాడినవి. 590 కలిపితే ఇంచుమించు మన లెక్కకు వస్తుంది, 1330 ఫసలీ అంటే 1920-21. గ్రాంప్స్‌లో హిజ్రీ క్యాలెండర్ ఉంది, ఫసలీ లేదు. అందుకని మార్చి వేసి, అసలు అంకెను పక్కన నోట్‌లో రాస్తాను.

ఇంత పనిలోనూ నేను మర్చిపోలేనిది ఒకటుంది. మా ఊళ్లో గోత్రాలు, వంశావళి పాటగా పాడి చెప్పే వంశరాజుల కుటుంబం ఒకటి పంట చేతికొచ్చాక ఇళ్లకు వచ్చేది. వాళ్లలో ఒక పెద్దాయనను వెతుక్కుంటూ వెళ్లి, ఆయన అనుమతితో రికార్డు చేశాను. మా ముత్తాతలు నలుగురు అన్నదమ్ములని చెప్పారాయన. మా ఇంట్లో అందరికీ తెలిసింది ముగ్గురే. పాట కాబట్టి ఎక్కడో తేడా వచ్చిందనుకుని "నమ్మకం తక్కువ" అని పెట్టాను. ఏడాది తర్వాత సేత్వార్ చదివించినప్పుడు నాలుగో పేరు అందులో ఉంది. ఆయన చెప్పిన పేరే. దాని కిందే, జౌజె అని అతని భార్య పేరు. చదువుతున్న సారు ఆగి నా వైపు చూశారు, నాకు మాట రాలేదు. ఆ రాత్రే ఆ నమ్మకం మెట్టును పైకి మార్చాను.

గ్రాంప్స్‌లో ఆడవాళ్లకు పుట్టింటిపేరు, మెట్టినింటిపేరు రెండూ వేరువేరుగా పెట్టుకోవచ్చు. తాత పేరు మనవడికి పెట్టడం వల్ల మా ఇంట్లో ఒకే పేరున్నవాళ్లు ఐదుగురున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో నంబరు ఇస్తుంది కాబట్టి కలగలిసిపోలేదు. ఊరి వివరాలకు కూడా కాలం పెట్టొచ్చు. మా ఊరు 2016 అక్టోబర్ 11 దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి. మా బాపు ఇల్లు కదలకుండానే హైదరాబాద్ స్టేట్‌లో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని పెంచి, తెలంగాణలో కన్నుమూశారు. అదంతా సరిగ్గా చూపిస్తుంది.

చుట్టరికాల దగ్గర మాత్రం ఓపిక కావాలి. పెద్దబాపు, చిన్నాయన, మేనమామ అందరూ ఇందులో ఇంగ్లిష్‌లో అంకులే. మా తాత నాయనమ్మకు మేనమామ కాబట్టి చార్టులో ఒకే మనుషులు రెండు చోట్ల కనిపిస్తారు, చూసినవాళ్లు తప్పనుకుంటారు. నేను ప్రింటు తీశాక చుట్టరికాలు చేత్తో రాస్తున్నాను. ఇంకో మాట, ఇది ఫోన్ యాప్ కాదు, కంప్యూటర్ ఉండాలి. మొదటి నెల తికమకగానే ఉంటుంది. వారానికోసారి బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి మా చెల్లెలికి ఇస్తున్నాను.

ఇప్పటికి 412 మంది ఎక్కారు. ఈ ఆదివారం ఉప్పల్‌లో మేనత్త దగ్గరికి వెళ్తున్నాను, ఆమెకు 86 ఏళ్లు. ఆ నాలుగో ముత్తాత భార్య పేరు దొరికింది గానీ పుట్టిల్లు ఏ ఊరో దొరకలేదు. చిన్నప్పుడు ఆమెను ఎవరైనా ఏ ఊరి పేరుతోనైనా పిలవగా విన్నదేమో అడగాలి.