వడగళ్ల వాన తర్వాత పబ్లిక్ అడ్జస్టర్‌తో సంతకం పెట్టబోతున్నారా? ముందు మా అనుభవం చదవండి

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మనవాళ్లందరికీ చేరాలని రాస్తున్నాను. మార్చి నుంచి మే దాకా ఇక్కడ వడగళ్ల కాలం. వాన వెలిసిన మర్నాటికల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతుంది: "రూఫ్ దెబ్బతిందా? క్లెయిమ్ అంతా మేం చూసుకుంటాం, ముందుగా మీరు పైసా ఇవ్వక్కర్లేదు." అది పెట్టేది పబ్లిక్ అడ్జస్టర్, అంటే ఫీజు తీసుకుని మన తరఫున ఇన్సూరెన్స్ క్లెయిమ్ నడిపే మనిషి. పోయినేడాది ఆ మెసేజ్‌కి నేను బదులిచ్చాను. ఆ తర్వాత ఏడు నెలలు నలిగిపోయాం.

ఏప్రిల్ చివర్లో నిమ్మకాయలంత వడగళ్లు పడ్డాయి. పది నిమిషాలే. తెల్లారి చూస్తే షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు) మీదుండే నల్లటి ఇసుకంతా గటర్ పైపు కింద కుప్పగా చేరి ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే తొమ్మిదో రోజున వాళ్ల అడ్జస్టర్ (నష్టం లెక్కగట్టే మనిషి) వచ్చాడు. నిచ్చెనేసుకుని పైకెక్కి, దెబ్బ ఉన్న చోటల్లా సుద్దముక్కతో సున్నాలు చుట్టి ఫోటోలు తీసుకున్నాడు. రూఫ్ మొత్తం మార్చాలని కంపెనీ ఒప్పుకుంది. వాళ్ల ఎస్టిమేట్ 22,400 డాలర్లు. మే నెల మధ్యలో చెక్కు వచ్చింది. చూస్తే 7,000.

మేం పొరపాటు పడింది ఇక్కడే. మా ఇంటి కవరేజీ 4,50,000 డాలర్లు. గాలికీ వడగళ్లకీ డిడక్టిబుల్ అందులో 2 శాతం, అంటే 9,000 మేమే పెట్టుకోవాలి. పాత రూఫ్ కాబట్టి డిప్రిషియేషన్ (పాతబడినందుకు తగ్గే విలువ) కింద ఇంకో 6,400 ఆపారు. రూఫ్ వేయించి బిల్లు పంపితే అది కూడా ఇస్తారు. ఈ లెక్కంతా ఎస్టిమేట్ చివరి పేజీలోనే ఉంది. మేం మొదటి పేజీలో పెద్ద అంకె చూసి, చెక్కు మీద చిన్న అంకె చూసి, కంపెనీ మమ్మల్ని ముంచేసిందని అనుకున్నాం.

గ్రూపులో ఆ మెసేజ్ పెట్టిన పబ్లిక్ అడ్జస్టర్‌కి ఫోన్ చేస్తే సరిగ్గా ఆ మాటే అన్నాడు. "22 వేల పనికి 7 వేలా అక్కా! మీరేం టెన్షన్ పడకండి, 40 వేలు దాకా తెప్పిస్తా." డిప్రిషియేషన్ సంగతి ఆయనకి తెలియక కాదు, చెప్పలేదంతే. మనవాడు, మన భాష, ఎవరిదో గృహప్రవేశంలో కలిసిన ముఖం. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్‌కి కాంట్రాక్టు పంపాడు. పిల్లల్ని పడుకోబెడుతూ వేలితో సంతకం గీసేశాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. మన ఇంటికొచ్చే అడ్జస్టర్ కంపెనీ ఉద్యోగి కావచ్చు, కంపెనీ తరఫున పని చేసే బయటి మనిషి కావచ్చు. వాళ్లిద్దరికీ డబ్బిచ్చేది కంపెనీయే. పబ్లిక్ అడ్జస్టర్‌ని మాత్రం మనమే పెట్టుకుంటాం, ఫీజు మన క్లెయిమ్ డబ్బులోంచే పోతుంది. టెక్సాస్‌లో ఆ ఫీజు సెటిల్‌మెంట్‌లో 10 శాతం దాటకూడదు. 10 శాతమే కదా అనిపిస్తుంది. దేని మీద 10 శాతం అన్నది నేను అడగలేదు. మా కాంట్రాక్టులో "ఈ క్లెయిమ్ మీద ఇప్పటిదాకా చెల్లించిన, ఇకపై చెల్లించే మొత్తం" అని ఉంది. అంటే ఆయన అడుగుపెట్టక ముందే మా చేతికొచ్చిన 7,000 మీదా, ఎలాగూ రావాల్సిన 6,400 మీదా కూడా ఆయనకి వాటా.

మంగళవారం తీరిగ్గా చదివాను. టెక్సాస్ చట్టం ప్రకారం సంతకం పెట్టిన 72 గంటల్లోపు ఈ కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఆ సంగతి కాంట్రాక్టులోనే రాసి ఉంది. ఆ గడువు సోమవారం రాత్రితోనే అయిపోయింది.

ఆ తర్వాత ఆయన కంపెనీకి లెటర్ పంపాడు, ఇకపై అన్నీ తనతోనే మాట్లాడమని. దాంతో మా క్లెయిమ్ గురించి మేం ఫోన్ చేసినా "మీ ప్రతినిధిని అడగండి" అనేవాళ్లు. ఆయనేమో రెండు వారాలకోసారి "నడుస్తోంది అక్కా" అని మెసేజ్. మళ్లీ ఇన్‌స్పెక్షన్ జరిగేసరికి సెప్టెంబరు. అప్పటిదాకా రూఫ్ ముట్టుకోవద్దు, టార్పాలిన్ కూడా కప్పొద్దు, సాక్ష్యం పోతుందన్నాడు. ఈ మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవడం ఇంటి యజమాని బాధ్యత అని పాలసీలోనే ఉంటుంది. ఫోటోలు తీసుకుని, టార్పాలిన్ కప్పించి, రసీదు దాచుకుంటే కంపెనీ ఆ ఖర్చు కూడా చూస్తుంది.

అక్టోబరులో రెండు రోజులు ముసురు పట్టింది. పై అంతస్తులో పాప గది సీలింగ్ మీద మొదట టీ మరకలా కనిపించింది. పొద్దుటికి పళ్లెమంత అయింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. అటకెక్కి చూస్తే ఇన్సులేషన్ అంతా తడిసి ముద్దయి ఉంది. బాగుచేయించడానికి 4,800 డాలర్లు. ఆర్నెల్లు రూఫ్ కప్పకుండా వదిలేశారు కాబట్టి ఆ డబ్బు ఇచ్చేది లేదని కంపెనీ అంది. ఆ రాత్రి పాపని మా గదిలో పడుకోబెట్టుకుని నేను చాలాసేపు ఏడ్చాను.

ఇంతా చేసి డిసెంబరులో ఆయన అదనంగా తెప్పించింది 3,600. గటర్లు, కిటికీ జాలీలు, రూఫ్ అంచుకి వేసే రేకు. ఏ రూఫర్ (రూఫ్ వేసే కాంట్రాక్టర్) కొటేషన్ ఇచ్చినా కనపడే ఐటమ్‌లే ఇవి. ఆ కొటేషన్ జత చేసి మళ్లీ చూడమని మేమే కంపెనీని అడగగలిగేవాళ్లం, దానికి ఫీజు లేదు. ఆ చెక్కు కూడా మా పేరూ, ఇంటి లోన్ ఇచ్చిన మార్ట్‌గేజ్ కంపెనీ పేరూ, ఆయన పేరూ కలిపి వచ్చింది. ముగ్గురి సంతకాలు పూర్తవడానికి మూడు వారాలు. ముందటి 7,000, రావాల్సిన 6,400, ఈ 3,600 కలిపి మొత్తం 17,000 మీద ఆయన ఫీజు 1,700. అంటే అదనంగా వచ్చినదాంట్లో మాకు మిగిలింది 1,900, సీలింగ్‌కి పోయింది 4,800.

ఆయన పంపిన రూఫర్ ఆయన బావమరిది అని జనవరిలో పని జరుగుతుండగా తెలిసింది. తను చూస్తున్న క్లెయిమ్‌లో రిపేరు పనిలో పబ్లిక్ అడ్జస్టర్ ఏ రకంగానూ వేలు పెట్టకూడదు, రిపేరు కంపెనీ నుంచి డబ్బు తీసుకోకూడదు అని టెక్సాస్ చట్టం చెప్తోంది. అటు రూఫర్ కూడా తను పని చేసే ఇంటికి పబ్లిక్ అడ్జస్టర్‌గా ఉండకూడదు. ఈ చట్టాన్ని ఒక రూఫింగ్ కంపెనీ సవాలు చేస్తే 2024 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. కాబట్టి "ఇన్సూరెన్స్‌తో మేమే బేరమాడతాం" అనే రూఫర్‌ని కూడా దూరం పెట్టండి. "డిడక్టిబుల్ మాఫీ చేస్తాం" అన్నా అంతే, 2019 సెప్టెంబరు నుంచి అది నేరం.

పబ్లిక్ అడ్జస్టర్లందరూ ఇలాంటివాళ్లే అని నేననను. ఇల్లు కాలిపోయినప్పుడు, కంపెనీ క్లెయిమ్‌ని పూర్తిగా కొట్టేసినప్పుడు మంచి అడ్జస్టర్ దొరికితే నిజంగా మేలు. కానీ కంపెనీ ఒప్పుకుని మొదటి చెక్కు ఇచ్చేసిన రూఫ్ క్లెయిమ్‌కి ఆయన అవసరం మాకు లేదు. పెట్టుకోక తప్పదనిపిస్తే, ఫీజు అదనంగా తెచ్చినదాని మీదే అని కాంట్రాక్టులో రాయించండి. టెక్సాస్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో లైసెన్సు చూసుకోండి. మేం పెట్టుకున్న అడ్జస్టర్‌కి లైసెన్సు ఉంది, కాబట్టి అదొక్కటీ చూసి ఆగకండి. ఫ్లోరిడాలో ఉన్నవాళ్లకి ఫీజు పరిమితి వేరు: మామూలుగా 20 శాతం, ఎమర్జెన్సీ ప్రకటించిన తుఫాను క్లెయిమ్‌లకి మొదటి ఏడాది 10 శాతం.

డిపార్ట్‌మెంట్‌కి కంప్లయింట్ పెట్టాం, జవాబు కోసం చూస్తున్నాం. మీలో ఎవరైనా ఈ వారం ఇలాంటి కాంట్రాక్టు మీద సంతకం పెట్టి ఉంటే, పెట్టిన టైమ్ ఇప్పుడే చూసుకోండి. 72 గంటలు దాటకపోతే ఈ రాత్రే రాతపూర్వకంగా రద్దు చేయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి.